అడవి లోపలి గోధుమరంగు రెక్కలు

అడవి మధ్య నుంచి ఒక మట్టిరోడ్డు వేశారనుకోండి. చెట్లు కొట్టేసిన చోట ఎండ నేరుగా నేల మీద పడుతుంది. ఏడాది తిరిగేసరికి రోడ్డుకు రెండు పక్కలా గడ్డి, కలుపు, పూల పొదలు ఏపుగా పెరుగుతాయి. వాన వెలిసిన మర్నాడు ఆ దారిన వెళ్తే తడి మట్టి మీద పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు పదుల కొద్దీ వాలి కనిపిస్తాయి. అడుగు వేస్తే గుప్పున లేచి, కాసేపటికి మళ్ళీ అక్కడే వాలతాయి. చూసినవాళ్ళెవరికైనా అడవి కళకళలాడుతోందనే అనిపిస్తుంది.

అదే రోడ్డు దిగి ఓ అర కిలోమీటరు లోపలికి నడిస్తే వెలుగు తగ్గిపోతుంది. రాలిన ఆకుల మీద అడుగులు వేస్తుంటే, కాలి పక్క నుంచి ఎండుటాకు లాంటిదొకటి లేచి, నాలుగు గజాలు తూలుతూ ఎగిరి, మళ్ళీ ఆకుల్లో కలిసిపోతుంది. అదీ సీతాకోకచిలుకే. రెక్కల అంచున కళ్ళలా కనిపించే చిన్న చుక్కలు తప్ప దాని ఒంటి మీద చెప్పుకోదగ్గ రంగు లేదు. దాన్ని ఫొటో తీసుకోవాలని ఎవరికీ అనిపించదు. కానీ అడవి ఎలా ఉందో తెలుసుకోవాలంటే రోడ్డు మీది గుంపు కన్నా ఈ ఒక్కదాని సాక్ష్యానికే బలం ఎక్కువ. సీతాకోకచిలుకల్ని చూసి అడవిని అంచనా వేసే పనిలో ఎక్కువమంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ముందు అసలు వీటినే ఎందుకు చూడాలన్నది తేల్చుకోవాలి. అడవి అంటే చెట్లు కదా, చెట్లనే లెక్కపెడితే పోదా అనిపించొచ్చు. చిక్కేమిటంటే చెట్టు చాలా ఆలస్యంగా కబురు చెబుతుంది. కింద ఒక్క మొలక కూడా రాకపోయినా, గింజల్ని మోసుకెళ్ళే పక్షులు మాయమైపోయినా, పెద్ద చెట్టు వందేళ్ళు అలాగే నిలబడగలదు. పైనుంచి చూస్తే నిండైన అడవే, లోపల మాత్రం వారసులు లేని ఇల్లు. సీతాకోకచిలుకకు అంత వ్యవధి లేదు. చాలా జాతుల్లో గుడ్డు పెట్టినప్పటి నుంచి రెక్కలు విప్పుకునే దాకా పట్టేది కొన్ని వారాలే. వేడి ప్రాంతాల్లో ఏడాదికి నాలుగైదు తరాలు కూడా పుట్టుకొస్తాయి. కాబట్టి అడవిలో ఏ తేడా వచ్చినా వచ్చే తరం లెక్కలోనే బయటపడుతుంది. పైగా ఇవి పగటిపూట తిరుగుతాయి, పట్టి చంపకుండానే చాలావాటిని గుర్తుపట్టొచ్చు. ప్రపంచం మొత్తం మీద ఉన్నవి సుమారు 18 వేల జాతులు. ఇంత బాగా పేర్లు, వివరాలు తెలిసిన పురుగుల కుటుంబం మరొకటి దొరకడం కష్టం.

అయితే అసలు కారణం ఆకులో ఉంది. ఆడ సీతాకోకచిలుక గుడ్డు పెట్టే ముందు చేసే పనిని దగ్గర నుంచి చూస్తే అది అర్థమవుతుంది. ఒక మొక్క మీద వాలి, ముందు కాళ్ళతో ఆకును గబగబా తడుతుంది. దానికి రుచి తెలిసేది నోటితో మాత్రమే కాదు, కాళ్ళతో కూడా. ఆ తట్టుడులో ఆకులోని రసాయనాల్ని రుచి చూసి, ఇది తన పిల్లలు తినగలిగిన ఆకేనా కాదా అని తేల్చుకుంటుంది. కాదనిపిస్తే లేచి పక్క మొక్కకు పోతుంది. అలా ఎన్నో ఆకుల్ని తట్టి చూసి, చివరికి ఒక లేత ఆకు మీద ఆవగింజ కన్నా చిన్న గుడ్డును అంటించి వెళ్ళిపోతుంది. ఎందుకింత పట్టింపు అంటే, చాలా జాతుల గొంగళి పురుగులు ఒకటి రెండు రకాల మొక్కల్ని, లేదా ఒకే కుటుంబం మొక్కల్ని మాత్రమే తింటాయి. అవి దొరక్కపోతే పక్కన ఎంత పచ్చదనం ఉన్నా ఆకలితో చస్తాయి. జిల్లేడు కుటుంబం పాల మొక్కల మీద బతికేవి నిమ్మాకు ముట్టవు, నిమ్మ కుటుంబం ఆకులు తినేవి జిల్లేడు జోలికి పోవు.

మొక్కలు తమను తినే పురుగుల్ని తప్పించుకోవడానికి ఆకుల్లో విషాలు తయారు చేసుకుంటే, ఒక్కో రకం సీతాకోకచిలుక ఒక్కో విషాన్ని తట్టుకోవడం నేర్చుకుందని, ఈ పోటీలో రెండు పక్షాలూ కొత్త జాతులుగా చీలిపోతూ వచ్చాయని జీవశాస్త్రవేత్తలు పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ 1964లో రాశారు. ఆ ఆలోచన తర్వాత జీవశాస్త్రంలో ఒక పెద్ద శాఖకే దారి తీసింది. అడవి వైపు నుంచి చూస్తే దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. పట్టింపు ఎక్కువ ఉన్న ఒక జాతి ఏటా ఒకచోట పుట్టి పెరుగుతోందంటే, అది తినే మొక్క అక్కడ ఉన్నట్టు. ఒకటీ అరా కాదు, తరాలు నిలబడేటంత ఉన్నట్టు. ఆ మొక్క సకాలంలో చిగురు వేస్తున్నట్టు, రెక్కలు రాకముందు దశ అయిన ప్యూపా ఎండిపోకుండా గాలిలో చెమ్మ ఉన్నట్టు, ఆ చుట్టుపక్కల మందు చల్లనట్టు. ఒక్క ప్రాణి ఇన్ని సంగతులకు ఒకేసారి హామీ ఇస్తోందన్నమాట.

పాపువా న్యూగినీలోని ఓరో ప్రాంతంలో క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుక ఉంది. ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదు. ఆడదాని రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. 1906లో ఆల్బర్ట్ మీక్ అనే సేకర్త దీని మొదటి నమూనాను తుపాకీతో కాల్చి కింద పడేశాడు. చెట్ల పైన అంత ఎత్తున ఎగిరే ప్రాణి మరి. ఇంత పెద్ద జీవి బతుకంతా ఆధారపడింది ఈశ్వరి కుటుంబానికి చెందిన ఒక తీగ మీద. పెద్ద చెట్టును పట్టుకుని, పైకొమ్మలు కలిసి అల్లిన పందిరి దాకా పాకే తీగ అది. గొంగళి పురుగులు దాని విషపు ఆకుల్ని తిని, ఆ విషాన్నే ఒంట్లో దాచుకుని, పక్షుల నుంచి తమను కాపాడుకుంటాయి. 1951లో లామింగ్టన్ అగ్నిపర్వతం పేలి ఆ అడవుల్లో చాలా భాగాన్ని బూడిద చేసింది. తర్వాత ఆయిల్ పామ్ తోటల కోసం చెట్లు కొట్టేస్తూ పోయారు. చెట్టు పోతే తీగకు ఆసరా పోతుంది, తీగ పోతే బర్డ్‌వింగ్ పోతుంది. ఆయిల్ పామ్ కూడా పచ్చగానే ఉంటుంది, ఉపగ్రహం ఫొటోలో చెట్ల వరుసల్లాగే కనిపిస్తుంది. తేడా కనిపెట్టేది ఆ తీగ కోసం వెతుక్కుంటూ తిరిగే సీతాకోకచిలుక.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. సీతాకోకచిలుకది రెండు బతుకుల జీవితం. పురుగుగా ఉన్నప్పుడు కావాల్సింది ఆకు, రెక్కలు వచ్చాక కావాల్సింది తేనె, పండిన పండ్ల రసం, చెట్ల జిగురు, తడి మట్టిలోని ఉప్పు. ఈ రెండో బతుకే మన కళ్ళకు కనబడుతుంది కాబట్టి దాన్నిబట్టే లెక్కలు కట్టేస్తాం. లాంటానా పొదల సంగతే చూడండి. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్క ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అడవుల్లో అడుగు పెట్టడానికి చోటు లేకుండా అల్లుకుపోయింది. దాని పూలలో తేనె పుష్కలం. విరగబూసిన పొద ముందు పది నిమిషాలు నిలబడితే పది రకాల సీతాకోకచిలుకల్ని చూడొచ్చు. కానీ వాటిలో దాదాపు ఏదీ ఆ పొద మీద గుడ్డు పెట్టదు. పైగా అది కమ్ముకున్న చోట కింద పెరగాల్సిన గడ్డి, చిన్న తీగలు, చెట్ల మొలకలు ఎండ అందక చచ్చిపోతాయి. గొంగళి పురుగులు తినాల్సినవి అవే. అంటే పెద్దలకు విందు పెడుతూనే పిల్లల నోటి కాడి కూడు లాగేస్తోంది ఆ పొద. పూల మీద వాలిన రెక్కల్ని లెక్కపెట్టి అడవికి మార్కులు వేస్తే, అడవిని దెబ్బతీసిన మొక్కకే మార్కులు వేసినట్టవుతుంది. తడి మట్టి మీద చేరిన గుంపుదీ ఇదే కథ. అక్కడ చేరేవి ఎక్కువగా మగవి, మట్టిలోని సోడియం కోసం చుట్టుపక్కల నుంచి వచ్చి పోగవుతాయి. గుంపు పెద్దదైనంత మాత్రాన ఆ అడవి వాటిని పెంచిందని కాదు.

మరి చెట్లు కొట్టిన చోట సీతాకోకచిలుకల రకాలు తగ్గాలి కదా? చాలాసార్లు తగ్గవు, పెరుగుతాయి కూడా. బ్రెజిల్‌లో మనౌస్ నగరానికి ఉత్తరాన 1979లో థామస్ లవ్‌జాయ్ మొదలుపెట్టిన పరిశోధన ఈ విషయంలో ఎంతో నేర్పింది. అమెజాన్ అడవిని పశువుల మేత కోసం నరుకుతున్నప్పుడు, మధ్యమధ్యలో 1, 10, 100 హెక్టార్ల ముక్కల్ని కొట్టకుండా వదిలేసి, వాటిలో ఏం జరుగుతుందో ఏళ్ళ తరబడి గమనించారు. ముక్కలైన అడవిలోకి ఎండను ఇష్టపడే సీతాకోకచిలుకలు బయటి నుంచి వచ్చి చేరాయి. కొన్ని అంచు నుంచి రెండు వందల మీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చాయి. జాతుల లెక్క పైకి పోయింది. అదే సమయంలో చీకటి, చల్లదనం కావాల్సిన లోపలి జాతులు సన్నగిల్లాయి. లెక్క పుస్తకంలో మొత్తం అంకె పెరిగింది, అడవి మాత్రం చితికిపోయింది.

ఇండోనేషియాలోని సుంబా ద్వీపం మీద 1990లలో జరిగిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ చుట్టుపక్కల కొద్దిపాటి ద్వీపాలకే పరిమితమైన జాతులు దట్టమైన అడవిని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఆసియా అంతటా ఎక్కడ పడితే అక్కడ దొరికే జాతులు చెదిరిన అడవిలో వర్ధిల్లాయి. ఈ ఒక్క మాటలో అసలు విషయమంతా ఉంది. ఎక్కడైనా బతకగలిగినవి పది వచ్చి, అక్కడ తప్ప మరెక్కడా బతకలేనివి మూడు పోతే, ఆ చోటికి ఏడు లాభం, ప్రపంచానికి మూడు నష్టం. అందుకే చిన్న స్థలంలో చూస్తే చెట్లు కొట్టడం వల్ల వైవిధ్యం పెరిగినట్టూ, పెద్ద ప్రాంతం మొత్తం మీద చూస్తే తగ్గినట్టూ తేలుతుంది. రెండు లెక్కలూ నిజమే, కానీ కలప కొట్టడాన్ని సమర్థించుకోవాలనుకునేవాళ్ళకు మొదటిదే నచ్చుతుంది.

దట్టమైన అడవిలో ఒక్కో ఎత్తూ ఒక్కో ఊరి లాంటిదే. ఈక్వడార్ అడవుల్లో ఫిలిప్ డివ్రీస్ బృందం 1990లలో నేల దగ్గరా, చెట్ల పందిరి ఎత్తునా జంటగా వలలు కట్టి చూసింది. గొట్టంలాంటి గుడ్డ వల, దాని అడుగున పళ్ళెంలో పులిసిన అరటిపండు గుజ్జు. పండ్ల రసం తాగే సీతాకోకచిలుకలు ఆ వాసనకు వస్తాయి, తాగి పైకి ఎగిరి వలలో చిక్కుతాయి, గుర్తు పెట్టి వదిలేయొచ్చు. పైన దొరికేవి వేరు, కింద దొరికేవి వేరని ఆ వలలు చూపించాయి. పందిరికి చిల్లు పడి ఎండ కిందికి దిగినప్పుడు పైన తిరగాల్సినవి కూడా దానితో పాటే దిగి వస్తాయి. కాబట్టి నేల దగ్గరి వలలో పందిరి జాతులు తరచూ పడుతుంటే కొత్త జాతులు దొరికాయని సంబరపడటం కన్నా, తలెత్తి పైన ఏం కూలిందో చూడటం మంచిది.

ఇంతవరకు చదివి, చీకటి అడవే మంచి అడవి, వెలుతురు వస్తే చెడిపోయినట్టు అనుకుంటే మళ్ళీ పప్పులో కాలేసినట్టే. ఇంగ్లండ్ అడవుల అనుభవం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ వందల ఏళ్ళుగా చెట్లను మొదలు దగ్గర నరికి, పిలకలు వేయనిచ్చి, కొన్నేళ్ళకు మళ్ళీ నరికేవాళ్ళు. ఏటా అడవిలో ఒక ముక్క ఎండకు తెరుచుకునేది. ఆ ఎండలో వయొలెట్ మొక్కలు, కౌ-వీట్ మొక్కలు మొలిచేవి, వాటి మీద ఫ్రిటిలరీ అనే నారింజరంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేవి. నరికేవాళ్ళు ఎటు కదిలితే అవీ అటు కదిలేవి కాబట్టి కట్టెలు కొట్టేవాడి వెంట పోయేవి అని వాటికి పేరొచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని మానేశారు. అడవులు చిక్కబడ్డాయి, చీకటిపడ్డాయి, ఫ్రిటిలరీలు ఒక్కో అడవి నుంచీ కనుమరుగయ్యాయి. కెంట్‌లోని బ్లీన్ అడవుల్లో వాటిని నిలబెట్టడానికి ఇప్పుడు పనిగట్టుకుని పాత పద్ధతిలో చెట్లు నరుకుతున్నారు. కాబట్టి ఒక ప్రాంతానికి రాసుకున్న సూత్రం మరో ప్రాంతానికి పనికిరాదు. ఆ అడవి ఎలా పెరిగి వచ్చిందో, దానికి అలవాటైన వెలుతురు ఎంతో తెలిస్తేనే సీతాకోకచిలుక చెప్పేది అర్థమవుతుంది.

ఎంత చిన్న మార్పును అవి పట్టుకుంటాయో చెప్పడానికి అడవి దాటి పచ్చిక బయలుకు వెళ్ళాలి. లార్జ్ బ్లూ అనే నీలిరంగు సీతాకోకచిలుక కథ కోసం ఆ మాత్రం దారి మళ్ళొచ్చు. దీని గొంగళి పురుగు మొదటి రెండు మూడు వారాలు అడవి థైమ్ పూలు తింటుంది. తర్వాత నేల మీద పడిపోతుంది. ఒక రకం ఎర్ర చీమ దాన్ని తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. నెలల తరబడి ఆ పుట్టలో చీమల పిల్లల్నే తింటూ పెరుగుతుంది. బ్రిటన్‌లో ఇది తగ్గిపోతుంటే సేకరించేవాళ్ళదే తప్పనుకుని, వాళ్ళు రాకుండా కంచెలు వేశారు. ఆ కంచెలతో పశువులూ రాలేదు. 1950లలో కుందేళ్ళు కూడా మిక్సొమటోసిస్ రోగంతో పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. మేసేవి లేక గడ్డి కొన్ని సెంటీమీటర్లు పెరిగింది. అంతే. ఆ కొద్దిపాటి నీడకే నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడింది, వెచ్చని నేల కావాల్సిన ఆ ఒక్క రకం చీమ తప్పుకుంది, దాని చోటికి వేరే చీమలొచ్చాయి. కొత్త చీమల పుట్టల్లో గొంగళి పురుగులు బతకలేదు. 1979లో లార్జ్ బ్లూ బ్రిటన్‌లో అంతరించింది. ఈ గొలుసునంతా విప్పి చూపిన జెరెమీ థామస్, ఆయన సహచరులు మేతను సరిచేసి, 1983 నుంచి స్వీడన్‌లో ఉన్నవాటిని తెచ్చి వదిలి, దాన్ని మళ్ళీ నిలబెట్టారు. థైమ్ పూలు అంతకాలమూ అక్కడ పూస్తూనే ఉన్నాయి. కంచెలు వేసినవాళ్ళ కంటికి ఆ బయలులో ఏ లోపమూ కనిపించి ఉండదు.

ఇంత సున్నితమైన సంగతి తెలుసుకోవడానికి వాడే పద్ధతి మాత్రం చాలా సాదాది. ఎర్నీ పొలార్డ్ అనే శాస్త్రవేత్త 1973లో ఇంగ్లండ్‌లోని మంక్స్ వుడ్ అడవిలో మొదలుపెట్టిన నడక అది. ఒకే దారి, వారానికొకసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. మనిషి మెల్లగా నడుస్తూ తన ముందు ఐదు మీటర్ల వెడల్పులో కనిపించినవాటినే రాసుకుంటాడు. వేడి 13 డిగ్రీల కన్నా తక్కువుంటే లెక్కపెట్టకూడదు, వాన పడుతుంటే కూడా కూడదు, ఎందుకంటే ఒళ్ళు వెచ్చబడనిదే ఇవి ఎగరవు. 1976లో ఇదే పద్ధతితో బ్రిటన్ అంతటా లెక్కలు మొదలయ్యాయి, ఇప్పటికీ సాగుతున్నాయి. దీని బలమంతా ఓపికలోనే ఉంది. ఒక్కరోజు చూసి రాసిన జాబితాకు పెద్ద విలువ లేదు. ఆ రోజు మబ్బు పట్టి ఉండొచ్చు, లేదా పెయింటెడ్ లేడీ లాంటి వలస జాతి గుంపులుగా దాటిపోతూ ఉండొచ్చు. అదే దారిలో ఇరవై ఏళ్ళు నడిస్తే ఆ ఒడిదొడుకులన్నీ సర్దుకుని అసలు పోకడ బయటపడుతుంది.

అలా పోగైన లెక్కలు టెన్షన్ పెట్టేవే. బ్రిటన్‌లో ఇరవై ఏళ్ళ వ్యవధిలో 71 శాతం సీతాకోకచిలుక జాతులు తగ్గుముఖం పట్టాయని 2004లో జెరెమీ థామస్ బృందం చూపించింది. సుమారు అంతే కాలంలో తగ్గిన పక్షి జాతులు 54 శాతం, నలభై ఏళ్ళలో తగ్గిన మొక్కల జాతులు 28 శాతం. ప్రమాదాన్ని ముందుగా చెప్పేది ఎవరన్నది ఆ మూడు అంకెల్లో ఉంది. అమెరికాలో 2000 నుంచి 2020 మధ్య సీతాకోకచిలుకల మొత్తం సంఖ్య 22 శాతం పడిపోయిందని 2025లో వచ్చిన అధ్యయనం తేల్చింది. యూరప్‌లో వలస పోని 35 జాతుల్ని పరిశీలించిన కమీల్ పార్మెసన్ బృందం, వాటిలో 63 శాతం ఉత్తరానికి 35 నుంచి 240 కిలోమీటర్ల దాకా జరిగాయని 1999లోనే రాసింది. వేడెక్కే లోకంలో రెక్కలున్నవి జరిగాయి. వాటి వెనకే అంత వేగంగా జరగడం చెట్లకు చేతకాదు.

ఇన్ని చెప్పాక హద్దులు కూడా చెప్పాలి. కామెరూన్‌లోని ఎంబల్మాయో అడవిలో జాన్ లాటన్, ఇంకా ఎంతోమంది కలిసి పక్షులు, సీతాకోకచిలుకలు, పెంకు పురుగులు, చీమలు, చెదలు, మట్టిలోని నులిపురుగులు, ఇలా ఎనిమిది రకాల జీవుల్ని ఒకేచోట లెక్కించి 1998లో ఫలితాలు ప్రకటించారు. ఏ ఒక్క రకమూ మిగతా వాటి పరిస్థితిని నమ్మకంగా చెప్పలేకపోయింది. సీతాకోకచిలుకలు బాగున్నచోట చెదలు బాగుండాలని లేదు. మట్టి కింద జరిగే కుళ్ళుడు, వేళ్ళను పట్టుకుని ఉండే బూజు, రాత్రిపూట తిరిగే జంతువుల సంగతి ఆకు తినే ప్రాణికి తెలిసే అవకాశం తక్కువ. వేట వల్ల పెద్ద జంతువులన్నీ పోయిన అడవిలో కూడా సీతాకోకచిలుకలు కొంతకాలం మామూలుగానే ఎగురుతుంటాయి. డాక్టరు నాడి పట్టుకుని చూస్తే జ్వరం తెలుస్తుంది, ఎముక విరిగిన సంగతి తెలియదు. నాడి చూడటం దండగ అని ఎవరూ అనరు కదా.

గోధుమరంగు రెక్కల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఈవినింగ్ బ్రౌన్ అనే జాతి అచ్చం ఎండుటాకులాగే ఉంటుంది, నీడలోనే తిరుగుతుంది, కానీ దాని పురుగులు గడ్డి తింటాయి, వరి కూడా తింటాయి. తోటలోనూ పొలం గట్టునా అది హాయిగా బతికేస్తుంది. అది కనిపించిందని అడవికి కితాబు ఇవ్వలేం. ఏ జాతి, దాని పురుగు ఏం తింటుంది, ఇంకెక్కడెక్కడ దొరుకుతుంది అని మూడు ప్రశ్నలు వేసుకున్నాకే దాన్ని సాక్షిగా పిలవాలి. అందుకే ఊరికే జాతుల సంఖ్య రాసి వదిలేసే నివేదికల కన్నా, లోపలి అడవికే పరిమితమైనవి ఎన్ని, ఎక్కడైనా బతికేవి ఎన్ని అని విడగొట్టి రాసిన నివేదిక ఎంతో మేలు. గుడ్లు, గొంగళి పురుగులు కూడా రాస్తే ఇంకా మేలు. ఎగిరే సీతాకోకచిలుక ఎక్కడినుంచో వచ్చి ఉండొచ్చు. ఆకు అంచున కూర్చుని నములుతున్న పురుగు అక్కడిదే.

కొట్టేసిన చోట మళ్ళీ చెట్లు నాటాక కూడా ఈ తేడా పనికొస్తుంది. వరుసలు కట్టి నాటిన ఒకే రకం చెట్లు పదేళ్ళకు పచ్చగా కమ్ముకుంటాయి, లెక్కల్లో అడవి విస్తీర్ణం పెరిగినట్టు నమోదవుతుంది. కింద నడిచి చూస్తే గడ్డి తినే జాతులు, అంచున తిరిగే పసుపు రెక్కలు ముందుగా వచ్చేసి ఉంటాయి. పెద్ద చెట్లను పట్టుకునే తీగలు, నీడలో పెరిగే ఈత, వెదురు జాతులు, రాలి మాగే అడవి పండ్లు తిరిగి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. వాటి వెనకే, అదీ దగ్గరలో పాత అడవి ముక్క ఒకటి మిగిలి ఉంటేనే, ఆకుల మధ్య నుంచి ఆ రంగులేని రెక్కలు లేస్తాయి.